ఐసీయూ పోషణ, 4వ పాఠం: పంపులోంచి వచ్చే క్యాలరీలు

మూడో పాఠంలోని రోగిని మీలో చాలామంది 71 కిలోలుగా లెక్కకట్టారు. అది బరువు తూచే పడక చూపించిన అంకె. అందులో ఆయన ఎంత, ఎక్కించిన సెలైన్ ఎంత? ఆసుపత్రికి రాకముందు 60 కిలోలని కేసులోనే రాశాను. వాపులోని నీటికి క్యాలరీలు అక్కర్లేదు. కిలోకు 25 చొప్పున లక్ష్యం రోజుకు 1500 క్యాలరీలు, 1.3 గ్రాముల చొప్పున ప్రోటీన్ 78 గ్రాములు.

పైగా రెండో రోజే 1500 పూర్తిగా ఇచ్చేశారు. తొలి రోజుల్లో శరీరం సొంత నిల్వలను కరిగించి గ్లూకోజు తయారుచేస్తూనే ఉంటుంది, బయటినుంచి ఎంత పోసినా ఆ పని పూర్తిగా ఆగదు. అందుకే మొదట 70 శాతం, అంటే 1050 దాటనివ్వం. మూడో రోజు తర్వాత పెంచుతాం. ఫీడ్ (ద్రవాహారం) ఇచ్చే ట్యూబ్ వేయడం, పడకను తలవైపు ఎత్తడం మీకు తెలిసినవే.

అసలు గొడవ ప్రొపోఫాల్ అనే మత్తుమందుతో. మత్తుమందుల పట్టీలో రాసి ఉంటుంది కాబట్టి పోషణ లెక్కలో ఎవరూ చూడరు. అది కొవ్వులో కలిపిన మందు, మిల్లీలీటరుకు 1.1 క్యాలరీ. గంటకు 15 మి.లీ. అంటే రోజుకు 360 మి.లీ., 396 క్యాలరీలు! మామూలు 1 శాతానికి బదులు 2 శాతం మందు వాడితే క్యాలరీలను సగం చేయాలా అని మీలో కొందరు అడిగారు. వద్దు. మందు రెట్టింపైనా కొవ్వు సాధారణంగా అంతే ఉంటుంది, మి.లీ.లతోనే లెక్కించండి. నేనైతే ఆర్డరులో రాసిన వేగాన్ని నమ్మను, నిన్న పంపు నిజంగా ఎక్కించిన మొత్తాన్నే చూస్తాను.

1050లో 396 తీసేస్తే ఫీడ్‌కు మిగిలేది 654. మి.లీ.కి ఒక క్యాలరీ ఉన్న ఫీడ్ అయితే గంటకు 27 మి.లీ. ఇక్కడితో లెక్క అయిపోయిందని లేచిపోకండి. లీటరుకు 40 గ్రాముల ప్రోటీన్ ఉంటే, 654 మి.లీ.లో వచ్చేది 26 గ్రాములే. క్యాలరీలు కోసినప్పుడల్లా ప్రోటీన్ కూడా కోతపడుతుంది, ప్రొపోఫాల్‌లో అది అసలు లేదు. ప్రోటీన్ ఎక్కువున్న ఫీడ్‌కు మారండి, లేదా ప్రోటీన్ పొడి విడిగా ఇవ్వండి. 78కి ఒక్క రోజులో చేరనక్కర్లేదు, మెల్లగా పెంచవచ్చు.

మరునాడు ప్రొపోఫాల్ ఆపేస్తారు. ఫీడ్ మాత్రం 27 దగ్గరే నడుస్తుంటుంది. రోగి 654 క్యాలరీలతో రోజులు గడుపుతాడు, చార్టులో మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ప్రొపోఫాల్ పంపు వేగం మారిన ప్రతిసారీ ఫీడ్ వేగాన్నీ తిరగరాయాలి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ (సెలైన్‌లా ఎక్కించే చక్కెర ద్రవం) లీటరుకు 170 క్యాలరీలు, అదీ కలపండి.

అభ్యాసం: 45 కిలోల మహిళ, పది రోజులుగా సరిగా తినలేదు. ప్రొపోఫాల్ గంటకు 10 మి.లీ. ఫీడ్ మొదలైన 36 గంటలకు రక్తంలో ఫాస్ఫేట్ లీటరుకు 0.9 నుంచి 0.5 మిల్లీమోల్‌కు పడింది. వచ్చే 48 గంటలకు ఫీడ్ వేగం, ప్రోటీన్, థయమిన్ (విటమిన్ బి1), ఫాస్ఫేట్ పరీక్షల వేళలు రాసి పంపండి. పొటాషియం, మెగ్నీషియం మరిచిన జవాబులు దిద్దకుండానే వెనక్కి వస్తాయి.