ప్లాటు కొనే ముందు ఉపగ్రహ చిత్రంలో మునిగే నేలను గుర్తించడం ఎలా?

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్లు దగ్గర్లో చెరువు ఉందా అని చూస్తారు, లేకపోతే నిశ్చింతగా అడ్వాన్స్ ఇచ్చేస్తారు. అసలు చూడాల్సింది రెండు చెరువుల మధ్య వాగు దారి. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు: పైది నిండితే అలుగు (ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు) పారి కిందిదాంట్లోకి పోతుంది. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు తెగినప్పుడు మునిగింది దాని కిందున్న కాలనీలే.

1. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. ఫోన్ వద్దు. ప్లాటు మీద పిన్ను పెట్టండి.

2. పాత చిత్రాల బటన్ నొక్కి, ఇళ్లు రాకముందు నాటి స్పష్టమైన చిత్రానికి వెళ్లండి. ఇవాల్టి చిత్రంతో ఎప్పుడూ మొదలుపెట్టకండి.

3. చెరువు కట్టను పట్టుకోండి. విల్లులా వంగిన గీత, ఒకపక్క నీళ్లో బోసి నేలో, రెండోపక్క చిన్న చిన్న వరి మడులు. ఇది తేలికే.

4. ఇక వాగును గీయాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

కట్ట మధ్య నుంచి గీయడం మొదలుపెడతారు. అక్కడ సాధారణంగా ఉండేది తూము, అంటే పొలాలకు నీళ్లు వదిలే దారి. దాని కాలువ మడుల్లోకి పోయి ఆగిపోతుంది. వరద నీరు పోయేది అలుగు మీదుగా, అలుగు ఎక్కువగా కట్ట చివర్లో ఉంటుంది. రెండు కొసలూ దగ్గరగా చూసి, రాతికట్టు, దాని కింద కోసుకుపోయిన నేల కనిపించిన చోట మొదలుపెట్టండి.

కాలం కూడా ముఖ్యమే. ఆగస్టులో అంతా పచ్చగా, మే నెలలో అంతా ఎండిపోయి ఉంటుంది. సంక్రాంతి దాటాక, మార్చి లోపు తీసిన చిత్రమే చూడండి. మెట్ట చేలు గోధుమరంగుకు తిరిగినా, వాగు వెంట మాత్రం సన్నని పచ్చచార మిగిలి ఉంటుంది.

నల్లగా కనిపించిందల్లా తడి కాదు. మబ్బు నీడ మరో తేదీ చిత్రంలో ఉండదు. వరి కొయ్యకాళ్లు కాల్చిన మచ్చ చేను గట్టు దగ్గర టక్కున ఆగుతుంది. నల్లరేగడి పరుచుకుని ఉంటుందే తప్ప వంకరలు తిరుగుతూ సాగదు. వాగైతే చేల గట్లే దాని వెంట వంగుతాయి. ఆ వంపు ఇళ్లొచ్చాక కూడా పోదు: తిన్నగా వెళ్తున్న వీధి కారణం లేకుండా మెలిక తిరుగుతుంది, వరసలో ఒక ప్లాటు ముక్కోణంగా మిగులుతుంది. అలాంటి చోట రెండుసార్లు చూడండి.

కింది చెరువు చేరేదాకా గీత ఆపొద్దు. మధ్యలో జాడ పోతే మరో ఏడాది చిత్రం తీయండి, ఊహించి కలపకండి.

కొందరు ఇదంతా వదిలేసి తెర మీద కనిపించే ఎత్తు అంకెలతో సరిపెడతారు. నేనైతే వాటిని నమ్మను. ఉదాహరణకు 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన ఎత్తులనే చూడండి: ఇంటి కప్పులు, చెట్ల తలలు కూడా వాటిలో కలిసిపోయాయి. కాలనీని ముంచడానికి రెండడుగుల తేడా చాలు, అది ఆ అంకెల్లో దొరకదు.

5. గీత అలాగే ఉంచి ఇవాల్టి చిత్రానికి రండి. అది ప్లాటుకు తగిలినా, పక్క నుంచి పోయినా అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు గ్రామ నక్షాతో పోల్చండి, గట్టి వాన వెలిసిన వెంటనే వెళ్లి అక్కడ నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి.