బైపోలార్ ఉన్న మనవాళ్లతో: అసలు పని బాగున్న రోజుల్లోనే

ఇంట్లో ఒకరికి బైపోలార్ (కొన్నాళ్లు పట్టరాని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన కుంగుబాటు వచ్చే మానసిక జబ్బు) ఉంటే చాలామంది చేసేది, వాళ్లు మరీ రెచ్చిపోయి ఉన్నప్పుడే కూర్చోబెట్టి హితబోధ చేయడం. దండగ. మానియాలో, అంటే ఆ పట్టరాని హుషారు దశలో ఉన్న మనిషికి ఇంత బాగా ఎప్పుడూ లేననిపిస్తుంది, ఆ టైమ్‌లో "నీకు బాగాలేదు" అన్నవాళ్లే శత్రువులు. అందుకే మాట్లాడాల్సిందంతా అటూ ఇటూ కాని మామూలు రోజుల్లోనే మాట్లాడేసుకోండి.

మళ్లీ మొదలైతే ముందు ఏం కనబడుతుంది, డాక్టర్‌కి ఎవరు ఫోన్ చేయాలి, కార్డులూ బండి తాళాలూ ఎవరి దగ్గర ఉండాలి, పెద్ద ఖర్చు చేయాలనిపిస్తే ఎన్ని రోజులు ఆగాలి... ఇవన్నీ వాళ్లనే చెప్పమని, వాళ్ల చేత్తోనే రాయించండి. రేపు గొడవైతే మీ మాట కాదు, వాళ్ల మాటే చూపించొచ్చు. వింటారన్న గ్యారంటీ లేదు, కానీ అప్పటికప్పుడు వాదించడం కన్నా నయం.

అన్నిటికన్నా ముందు పట్టిచ్చేది నిద్ర. పడుకున్నా నిద్ర పట్టక నీరసపడటం వేరు, మూడు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా తిరగడం వేరు. రెండోది వరసగా రెండు మూడు రోజులు కనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి. పైగా నిద్ర తగ్గడం లక్షణమే కాదు, జబ్బును రేపేది కూడా అదే, కాబట్టి రాత్రంతా మేల్కొనే పనులు వీలైనంత తప్పించండి. అలాగని నవ్విన ప్రతిసారీ అనుమానంగా చూడకండి. మానియా అనాలంటే మామూలుగా కనీసం వారం రోజులు అలా ఉండాలి, ఒక సాయంత్రం హుషారు జబ్బు కాదు. కోప్పడగానే "మందు వేసుకున్నావా?" అనడం అయితే ఘోరం, ఆ కోపంలో న్యాయం ఉండొచ్చు కదా.

బాగున్నాం కదా అని మందులు ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. లిథియం (మూడ్‌ని నిలకడగా ఉంచే మందు) వాడుతుంటే రక్త పరీక్షలు తప్పనిసరి. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగిపోవచ్చు. చేతులు బాగా వణుకుతూ, నడక తూలి, మాట తడబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డిప్రెషన్‌కని కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే గతంలో మానియా వచ్చిందని తప్పకుండా చెప్పాలి, ఉత్త డిప్రెషన్ మందులు కొందరిని మళ్లీ మానియాలోకి నెడతాయి.

కుంగిపోయి ఉన్నప్పుడు "మనసు గట్టి చేసుకో" అనకండి, పక్కన కూర్చోండి, ఒక చిన్న పనిలో తోడు వెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన రాదు. నిరాశ, నిలవనివ్వని ఆవేశం రెండూ కలిసి ఉన్న రోజులు మరీ ప్రమాదం. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే ఒంటరిగా వదలకండి, మందులన్నీ మీ దగ్గర పెట్టుకుని, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

చెయ్యి చేసుకుంటే మాత్రం ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి, సాయం పిలవండి. జబ్బు కదా అని దెబ్బలు భరించక్కర్లేదు.

మానియాలో అన్న మాటలు, చేసిన అప్పులు మిమ్మల్ని బాధపెడితే అది చెప్పుకునే హక్కు మీకుంది. కాకపోతే దిగిన వెంటనే కాదు, అప్పటికే సిగ్గుతోనో డిప్రెషన్‌తోనో ఉంటారు. స్థిమితపడ్డాక ఒక్కో విషయం ఒక్కోసారి ఎత్తండి, ముందు అప్పుల సంగతి.