కాఫీ షాపులో బాత్రూమ్‌కి తాళం వేసి ఉంటే

అమ్మకు షుగర్. బయటికెళ్తే గంటకోసారి బాత్రూమ్ కావాలి. మొన్న కూకట్‌పల్లిలో రెండు కాఫీలకు 480 రూపాయలు కట్టాక, "స్టాఫ్‌కే మేడమ్" అన్నాడు కౌంటర్ అబ్బాయి, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

అందుకే ముందు బాత్రూమ్ తెరిచి ఉందా అని అడగండి, ఆ తర్వాతే ఆర్డర్. "పాడైంది" అంటే గొడవపడకుండా మేనేజర్‌ని పిలవమనండి. పెద్దావిడ, షుగర్ అని నెమ్మదిగా చెబితే నాకైతే చాలాసార్లు తాళంచెవి దొరికింది.

బిల్లు పారేయకండి. అందులో సర్వీస్ ఛార్జ్ వేస్తే తీసేయమనండి, కట్టి తీరాలన్న రూలేమీ లేదు. వినకపోతే బిల్లు ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

అమ్మ మాత్రం ఇక ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుందామంటోంది.