ఏడో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లలకు ఎలా నేర్పాలి?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉండి తెలుగు వాచకాన్ని కూడబలుక్కుంటూ చదివే పిల్లలు మన చుట్టూ చాలామందే ఉన్నారు. వాళ్లను మళ్లీ అ, ఆల దగ్గర కూర్చోబెడతాం. పన్నెండేళ్ల పిల్లాడికి అది నామోషీ. పైగా చాలామందికి అక్షరాలు, గుణింతాలు వచ్చే ఉంటాయి. ఆగిపోయేది ఎక్కువగా వత్తుల దగ్గరే.

ముందు ఎక్కడ ఆగుతున్నారో చూడండి

ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చదివించండి. అందరి ముందూ వద్దు, టెన్షన్‌లో వచ్చింది కూడా రాదు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ సంస్థ, వాళ్లు ఎంతవరకు చదవగలరో చూసే అసర్ సర్వేలో వాడే వరుస మనకూ పనికొస్తుంది: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ. ఏ మాట దగ్గర తడబడ్డారో గీత పెట్టుకోండి. ఏ తరగతి అని చూడకుండా, ఒకే చోట ఆగినవాళ్లను ఒక గుంపుగా కూర్చోబెట్టండి.

బస్సు బోర్డులతో చదివించండి

తిరుపతి, చిత్తూరు బస్టాండ్లలో కనిపించే ఊళ్ల పేర్లను మించిన పాఠం నాకైతే కనబడలేదు. నోటికి తెలిసిన పేర్లే కాబట్టి భయం ఉండదు. అట్టముక్కల మీద రాసి ఈ వరుసలో ఇవ్వండి.

మొదట గుణింతాలతోనే అయిపోయేవి: నగరి, పాకాల, తిరుపతి, పలమనేరు. తర్వాత సున్నా వచ్చేవి: రేణిగుంట, కాణిపాకం, వెంకటగిరి. ఆపైన ద్విత్వాలు, అంటే అక్షరం కింద దాని వత్తే వచ్చేవి: కుప్పం, చిత్తూరు, పుత్తూరు, పూతలపట్టు. చివర్లో సంయుక్తాలు, అంటే వేరే అక్షరం వత్తు వచ్చేవి: చంద్రగిరి, సత్యవేడు, శ్రీకాళహస్తి.

గ, చ, డ, ద, ప, వ, స లాంటివాటికి తలకట్టు తీసి కింద రాస్తే వత్తు అయిపోతుంది. ఆ సంగతి చూపిస్తే పిల్లలు మిగతావి వాళ్లంతట వాళ్లే పట్టేస్తారు. త, న, మ, య, ర, ల వత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. కష్టమంతా వీటి మీదే పెట్టండి, రోజుకు ఒకటి చాలు.

ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలైతే

నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇది మామూలే. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. త, దలకూ అంతే. అందుకే 'గాలి' అని చెబితే 'కాలి' అని రాస్తారు. పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే చేతులు నొప్పి పుట్టడం తప్ప లాభం లేదు. ముందు చెవికి తేడా తెలియాలి. గుడి-కుడి, పాట-బాట లాంటి జంటలు పలికి, ఏది విన్నారో చేయెత్తమనండి. రాయడం ఆ తర్వాతే.

రాతకు వాళ్ల మాటే మొదలు

చూచిరాత దస్తూరీకి మంచిదే, సొంతంగా రాయడం దాంతో రాదు. జూన్‌లో తోతాపురి మామిడికాయల లారీతో ఫ్యాక్టరీకి పోయిన పిల్లాడిని ముందు నోటితో చెప్పమనండి, తర్వాత అదే రాయమనండి. 'ఫ్యాక్టరీ కాడ లైన్‌లో నిలబడినాము, పొదున దాకా మా వంతు రాలేదు' అని రాశాడనుకుందాం. 'కాడ' కింద ఎర్రగీత కొట్టకండి, అది వాడి ఇంటి మాట. ఈరోజు దిద్దాల్సింది 'పొద్దున'లో తప్పిపోయిన వత్తు ఒక్కటే. అదీ మీరు దిద్దకుండా, పైకి చదివించి వాడి చేతే పట్టించండి. 'కాడ'ను 'దగ్గర'గా మార్చడం రెండోసారి రాసేటప్పుడు చూసుకోవచ్చు.

నెలకోసారి మళ్లీ చదివించి చూడండి. అయితే పాత పేరా ఇవ్వకండి, సగం మంది కంఠతా అప్పజెప్పేస్తారు. ఆ రోజు పేపర్లోంచి చిన్న వార్త కత్తిరించి ఇస్తే చాలు.