ఇంట్లో పటిక స్ఫటికాన్ని పెంచే విధానం

పిల్లలతో స్ఫటికాలు పెంచాలనుకునేవారు తరచు ఉప్పుతో మొదలుపెట్టి నిరాశపడతారు. 100 మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 36 గ్రాముల ఉప్పు కరిగితే, మరిగే నీటిలోనూ 39 గ్రాములే కరుగుతుంది కనుక, చల్లార్చినంత మాత్రాన ఉప్పు పెద్దగా బయటపడదు. అదే పటిక అయితే 20 డిగ్రీల వద్ద 14 గ్రాములు, 50 డిగ్రీల వద్ద దాదాపు 37 గ్రాములు కరుగుతుంది. చల్లారినప్పుడు ఆ తేడాయే స్ఫటికమవుతుంది. దిష్టికి గుమ్మానికి కట్టే ఆ పటికను హైదరాబాదు బేగంబజారులో ఫిట్కరీ అని అడిగినా ఇస్తారు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీలంగా ఎంత అందంగా ఉన్నా విషం కనుక పిల్లలకు వద్దు.

200 మిల్లీలీటర్ల ఫిల్టరు నీటిని పెద్దలు స్టీలు గిన్నెలో వేడిచేసి దించి, 50 గ్రాముల పటిక పొడిని పూర్తిగా కరిగించాలి. రెండు మూడు చెంచాల ద్రావణాన్ని పళ్లెంలో పోసి, మిగిలినది గాజు సీసాలో ఉంచి, రెండింటినీ పలుచని గుడ్డతో కప్పాలి. మర్నాటికి పళ్లెంలో ఏర్పడిన పలుకుల్లో అంచులు తీరుగా ఉన్న ఒకదాన్ని ఎంచి, సన్నని నైలాన్ దారంతో కట్టాలి. నూలు దారమైతే దాని పోగుల వెంబడి కూడా పలుకులు పుడతాయి. దారం పటికబెల్లానికి అది మేలే గాని మన పనికి కాదు.

సీసా అడుగున చేరిన పలుకులను వదిలి, తేట ద్రావణాన్ని మరో సీసాలోకి వంచి, మూతికి అడ్డంగా పెట్టిన పెన్సిలు నుంచి, దారానికి కట్టిన ఆ విత్తనపు పలుకును మధ్యలో వేలాడదీయాలి. టార్చి వెలుగులో చూస్తే, పలుకు నుంచి సన్నని చారలు కిందికి జారుతుంటే అది కరుగుతోందని అర్థం. వెంటనే బయటికి తీసి, ద్రావణంలో మరికొంత పటిక కరిగించి చల్లార్చాలి. చారలు పైకి లేస్తుంటే పెరుగుతోందన్నమాట.

హైదరాబాదులో అసలు చిక్కు మే నెల మధ్యాహ్నాలది. రాత్రి పెరిగినది పగటి వేడికి కరిగిపోతుంది. మా మొదటి పలుకు అలాగే దారం మాత్రం మిగిల్చి మాయమైంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో, ఎండ తగలని లోపలి గది అలమరలో పెట్టడం మంచిది. తొందరపడి ఫ్రిజ్‌లో పెడితే ఒక్కసారిగా చిన్న పలుకులు గుంపుగా పుడతాయి.

ఒకటి రెండు వారాలకు ఎనిమిది త్రిభుజపు ముఖాలు స్పష్టమవుతాయి. తీసి తుడిచి, పొడి గాలికి తెల్లబడకుండా రంగులేని గోళ్ల పాలిష్ పూయాలి.