జర్మనీ వెళ్తున్న మన పిల్లలకు: గదిలో ఉండే రేడియేటర్ గురించి

కూకట్‌పల్లిలో మా వీధి నుంచే ఈసారి ముగ్గురు చదువుకి జర్మనీ వెళ్తున్నారు. స్వెటర్లు, పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్ అన్నీ సర్దుకున్నారు. గదిని వెచ్చగా ఉంచుకోవడం గురించి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మనకు రేడియేటర్ అంటే బండిలో ఉండేదే. బాలానగర్‌లో మా బాబాయి షెడ్డులో లారీ రేడియేటర్లకు టంకం పెడుతుంటే చూస్తూ పెరిగాను. అక్కడ గదిలో కిటికీ కింద ఉండేదీ అదే పని చేస్తుంది, వేడినీళ్లలోని వేడిని గాలికి ఇస్తుంది. లారీలో ఇంజిన్ చల్లబడాలి, ఇక్కడ మనం వెచ్చబడాలి, అంతే తేడా.

దాని నాబ్ మీద 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి. ఫ్యాన్ రెగ్యులేటర్‌లా అనుకుని 5కి తిప్పేయకండి, గది తొందరగా ఏమీ వేడెక్కదు. 3 అంటే గది దాదాపు 20 డిగ్రీలకు చేరాలని. ఒక్కో అంకెకు సుమారు 4 డిగ్రీల తేడా. నాబ్ లోపల మైనమో ద్రవమో నింపిన చిన్న డబ్బీ ఉంటుంది. గది వెచ్చబడేకొద్దీ అది ఉబ్బి, పిన్నును నొక్కి, వేడినీళ్ల దారి మూసేస్తుంది. కాబట్టి 3 మీద పెట్టి వదిలేయండి. కర్టెన్ నాబ్‌ను కప్పేస్తే మాత్రం, ఆ కాస్త చోటి వేడికే అది మూసుకుపోతుంది, గది చల్లగానే ఉండిపోతుంది.

ఒకసారి రేడియేటర్‌ను పైనుంచి చూడండి. సన్నటి ఉక్కు రేకులు రెండింటిని అచ్చులో నొక్కి, నీళ్లు పారే గాడులు తీసి, అంచులు వెల్డింగ్ చేస్తే ఒక పలక అవుతుంది. పలకలకు లోపలివైపు ముడతల రేకులు అతికిస్తారు. తర్వాత లీకు పరీక్ష, ఆపైన పౌడర్ కోటింగ్. రేడియేటర్ల రకాల్లో టైప్ 22 అంటే రెండు పలకలు, రెండు వరసల ముడతలు. ఆ ముడతల సందుల్లోంచే గాలి వేడెక్కి పైకి లేస్తుంది. దాని మీద తడిబట్ట వేస్తే ఆ దారి మూసినట్టే.

నేను జర్మనీలో మొదటి చలికాలమంతా జీన్స్ దానిమీదే ఆరేశాను, చలికి భయపడి కిటికీ తెరవలేదు. తేమ బయటికి పోలేదు, జనవరిలో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లగా బూజు పట్టి ఉంది. ఖాళీ చేసేటప్పుడు ఇంటాయన డిపాజిట్‌లో కోత పెట్టాడు. మీరు అలా చేయకండి. రోజుకు రెండు మూడుసార్లు నాబ్ పూర్తిగా తగ్గించి, కిటికీ బార్లా తెరిచి, 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయండి. వాళ్లు దీన్ని ష్టోస్‌లుఫ్టెన్ అంటారు. రోజంతా కిటికీ ఓరగా తెరిచి పెట్టడం కంటే ఇదే మేలు.

రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉండి గుడగుడమంటే లోపల గాలి చేరిందన్నమాట. హార్డ్‌వేర్ షాపులో దీనికి చిన్న తాళంచెవి దొరుకుతుంది. పై మూలనున్న స్క్రూ కింద గ్లాసు, చుట్టూ పాతగుడ్డ పెట్టి కొద్దిగా తిప్పండి. బుస్సుమని గాలి పోయి, నీళ్లు రాగానే బిగించేయండి. ఆ నీళ్లు నల్లగా, బాగా వేడిగా ఉండొచ్చు, చెయ్యి జాగ్రత్త. తర్వాత బిల్డింగ్ చూసుకునే ఆయనకు చెప్పండి, పైపుల్లో ప్రెషర్ తగ్గి ఉంటుంది.

చాలా ఫ్లాట్లలో హీటింగ్ లెక్క ఏడాదికోసారి తేలుతుంది. మామూలుగా ఖర్చులో 50 నుంచి 70 శాతం మీ వాడకాన్ని బట్టి, మిగతాది ఫ్లాట్ వైశాల్యాన్ని బట్టి వేస్తారు. రేడియేటర్ మీద చిన్న మీటర్ ఉంటే, గదిలో దిగిన రోజే దాని అంకెలు ఫోటో తీసి పెట్టుకోండి.