గేదె అండం కరిగించాక చెడిపోతోందా? కారణాలు ఇవీ

గేదె అండాలను ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచి, తరువాత కరిగించి ఫలదీకరణకు వాడతారు. అవి బతకకపోతే చాలామంది ముందు ఆ నత్రజనిని అనుమానిస్తారు. మైనస్ 196 డిగ్రీల్లో అండం పదిలంగానే ఉంటుంది. చెడేది అందులోకి దిగేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు. అసలు అంతకు ముందే చెడ్డాయేమో తేల్చుకోవడానికి, గడ్డకట్టించని అండాలను కొన్నింటిని పక్కన ఉంచి, వాటి ఫలదీకరణ ముందు చూడండి. అవీ విఫలమైతే లోపం గడ్డకట్టించడానికి ముందే ఉంది. కబేళా నుంచి అండాశయాలను ఐసు పెట్టెలో తెస్తున్నారేమో కనుక్కోండి. గేదె అండం నిండా కొవ్వు బిందువులే, చలికి తట్టుకోలేదు. యాంటీబయాటిక్ కలిపిన గోరువెచ్చని సెలైన్‌లో, థర్మాస్ ఫ్లాస్కులో తేవాలి.

గడ్డకట్టించే ముందు అండాన్ని వరుసగా రెండు రక్షక ద్రావణాల్లో ఉంచి, చిన్న చుక్కతో పాటు నత్రజనిలో ముంచుతారు. ముంచగానే ఆ చుక్క తెల్లబడింది. మంచు స్ఫటికాలు కట్టాయి. చుక్క పెద్దదైంది, లేదా మొదటి ద్రావణం కొంత వెంట వచ్చి రెండోదాన్ని పలుచన చేసింది. అండం చుట్టూ ఉన్న ద్రావణాన్ని సన్నని పిపెట్‌తో లాగేసి, 0.1 మైక్రోలీటరుకు మించకుండా ఉంచండి.

కరిగించాక అండం ముడుచుకుపోయి, నల్లబడి, మళ్లీ నిండలేదు. నేను ముందు చూసేది గది ఉష్ణోగ్రత. ఆ రెండో ద్రావణంలో సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్, డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) 15 శాతం చొప్పున, సుక్రోజ్ అనే చక్కెర 0.5 మోలార్ (గాఢత కొలత) ఉంటాయి. మంచు కట్టకుండా కాపాడే ఈ రసాయనాలే నిమిషం దాటితే విషం. ఆ నిమిషం కూడా 25 డిగ్రీల గదికి లెక్కగట్టింది. వరంగల్‌లో మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ లెక్క చెల్లదు. రసాయనం వేగంగా చొరబడుతుంది, విషప్రభావమూ పెరుగుతుంది. అప్పుడు సమయం కుదించి నెట్టుకురాకండి, పని ఆపేయండి. డిసెంబరు ఉదయాల్లో ఇదే తిరగబడుతుంది: రసాయనం చాలినంత లోపలికి చేరక మంచు కడుతుంది. గోడకున్న థర్మామీటరును నమ్మవద్దు, సూక్ష్మదర్శిని బల్ల మీద, పళ్లెం పక్కనే ఒకటి పెట్టండి.

కరిగించాక అండం ఉబ్బి పగిలింది. చక్కెర ద్రావణాల మెట్టు వదిలేశారు. 37 డిగ్రీల 1 మోలార్ సుక్రోజ్‌లో ఒక నిమిషం, 0.5 మోలార్‌లో మూడు నిమిషాలు ఉంచి, తరువాతే చక్కెర లేని ద్రావణంలోకి మార్చండి.

చూపుకు బాగుంది, వీర్యకణం లోపలికి పోవడం లేదు. ఈ రసాయనాల వల్ల అండంలో కాల్షియం పెరిగి, పైపొర ముందే గట్టిపడింది. కాల్షియం లేని మాధ్యమం వాడి చూడండి. అప్పటికీ కాకపోతే ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా లోపలికి ఎక్కించాలి.

ఫలదీకరణ జరిగింది, విభజన ఆగిపోయింది. క్రోమోజోములను పట్టి ఉంచే కండె తంతువులు చలికి విడిపోతాయి. కరిగించిన వెంటనే వీర్యం కలపకుండా, 38.5 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో గంట, రెండు గంటలు ఉంచితే కొంతవరకు తిరిగి అల్లుకుంటాయి. అంతకు మించి ఆపవద్దు, పక్వమైన అండానికి వయసు త్వరగా మీరుతుంది.